తాండ్రకు తనిఖీ గండం

ఆ శాఖ పేరేమిటని నన్నడక్కండి. అది ఏం పని చేస్తుందో అందులో ముప్ఫై ఏళ్ళుగా ఉద్యోగం వెలగబెడుతున్న పాతూరి ఉమాపతికే ఇదమిత్థంగా తెలీదు. పొద్దున్నే వెళ్తాడు. కిందనుంచి వచ్చిన కాగితాన్ని పైకి, పైనుంచి వచ్చినదాన్ని కిందికి పంపుతాడు. మధ్యమధ్యలో విచారణలని జిల్లా అంతా తిరిగి ప్రశ్నలడుగుతాడు. సాయంత్రం కాకినాడ ఆఫీసర్ల క్వార్టర్స్‌లో తన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటాడు. ఇందులో మనశ్శాంతికి వచ్చిన లోటేమిటో అతనికి అర్థం కాలేదు గానీ, పైవాళ్ళకి అర్థమైంది.

పైవాళ్ళలో ఎవరో ఒకాయన ఏదో సదస్సుకి వెళ్ళి, గాజు తొట్టిలో చేపల్ని చూస్తూ కూర్చుంటే రక్తపోటు తగ్గుతుందని విని వచ్చాడు. ఇంకేముంది, 'గృహ ప్రశాంతి మత్స్య పథకం' పుట్టేసింది. వెంటనే ఉత్తర్వు: "ప్రతి అధికారియు తన నివాసమునందు ఒక గాజు తొట్టిని, అందు అయిదు బంగారు చేపలను విధిగా ఉంచుకొనవలెను. చేపలు సజీవముగా నుండుటయే సదరు అధికారి ప్రశాంతతకు కొలమానము. చేప మృతి చెందినచో సదరు గృహమున అశాంతి కలదని భావింపబడును. అన్నియు మృతి చెందినచో సదరు అధికారి అశాంత అధికారిగా ప్రకటింపబడి శాంతి శిక్షణా శిబిరమునకు పంపబడును."

ఆ శిబిరం ఎక్కడో కొండల్లో ఉందిట. వెళ్ళొచ్చిన ఒకాయన్ని ఉమాపతి అడిగి తెలుసుకున్నాడు. పొద్దస్తమానం గోడమీద చేప బొమ్మ చూస్తూ కూర్చోవాలిట, నోరు విప్పకూడదట. ఇదంతా ఆయన సైగలతో చెప్పాడు.

తొట్టి ఇంటికి దిగిన రోజున ఉమాపతి భార్య సుభాషిణి నడుం మీద చేతులేసుకుని చూసింది.

"ఏవండీ, ఇంట్లో చాకిరీకి మీరొక్కరు చాలకనా, వీళ్ళని కూడా తెచ్చారు?"

"నేను తేలేదే బాబూ, గవర్నమెంటు పంపింది. వీటిని చూస్తే మనకి శాంతి వస్తుందిట."

"రాకపోతే?"

"రాకపోతే నన్ను కొండలకి పంపిస్తారు."

"అయితే నాకు శాంతే," అంది సుభాషిణి. కానీ ఆ సాయంత్రానికే ఆవిడ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. మర్నాటికి వాటికి పేర్లు కూడా పెట్టేసింది. బొద్దుగా ఉన్నది కాజా. ఒంటిమీద గీతలున్నది గవ్వ. తెల్లగా పలచగా ఉన్నది పూతరేకు. మెత్తగా కదిలేది జున్ను. మామిడి తాండ్ర రంగులో మెరుస్తూ, ఎవరొచ్చినా గాజు దగ్గరికొచ్చి నోరు తెరిచేది తాండ్ర. 

ఉమాపతి కూడా ఓ కుర్చీ లాక్కుని పక్కన కూర్చోవడం మొదలెట్టాడు. ఉత్తర్వు కదా, కూర్చోకపోతే ఎలా? అంతకుముందు ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలంటే గ్యాస్ బండ, కరెంటు బిల్లు, 'వంటయిందా', 'అయింది', అంతే. ఆయన టీవీ గదిలో, ఆవిడ పడగ్గదిలో. ఇప్పుడు చేపలు తిరుగుతుంటే ఏదో ఒకటి మాట్లాడాలనిపించేది.

"ఇలా కాదు, ఒళ్ళు వదిలేసి ఈదాలి. నేనయితే ఏటిలో మధ్యదాకా వెళ్ళొచ్చేదాన్ని," అందావిడ ఓరోజు, తాండ్రని చూస్తూ.

ఉమాపతి ఉలిక్కిపడ్డాడు. "నీకు ఈత వచ్చా?"

"కోరంగి పిల్లకి ఈత వచ్చా అని అడుగుతారేంటండీ!"

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారు కనక?"

ముప్ఫై ఏళ్ళుగా జిల్లా మొత్తాన్నీ ప్రశ్నలడిగిన మహానుభావుడికి ఇంట్లో ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు. 'ఒరే ఉమాపతీ, నీ అంత చవట ఇంకోడు ఉండడురా' అని ఆ రాత్రి తనని తానే తిట్టుకున్నాడు. కానీ ఆ తిట్టు కూడా తియ్యగానే ఉంది. ఆ పథకం పుణ్యమా అని ఆ ఇంట్లో నిజంగానే శాంతి వచ్చిపడింది. శాఖ చరిత్రలో ఒక పథకం పనిచెయ్యడం అదే మొదలు. పని చేసింది కాబట్టి దానిమీద తనిఖీ పడింది.

*

ఉమాపతికి లోకంలో ఏ విద్యా రాకపోయినా ఒక్క విద్యలో మాత్రం సాటి లేదు. అది తనిఖీకి ముస్తాబు చెయ్యడం. పై అధికారి వస్తున్నాడంటే చాలు, ఆఫీసు గోడలకి సున్నం, చెట్ల మొదళ్ళకి జాజు, దారి పొడుగునా రాళ్ళకి ఓ ఎరుపూ ఓ తెలుపూ, ఫినాయిల్ వాసన వీధి చివరిదాకా. వచ్చిన ఏ అధికారీ ఆ ఆఫీసు రోజూ ఎలా ఉంటుందో చూసిన పాపాన పోలేదు. 'దుమ్ము కనబడితే కదండీ, ప్రశ్న పుట్టేది' అనేవాడు ఉమాపతి, కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెబుతూ.

అలాంటివాడు ఇంట్లో తొట్టిని తనిఖీకి వట్టినే వదిలేస్తాడా? చేపల్ని బకెట్లోకి తీశాడు. నీళ్ళన్నీ పారబోశాడు. అడుగున ఉన్న గులకరాళ్ళని గిన్నెలు తోమే పొడితో రుద్దాడు. గాజుకి బ్లీచింగ్ పట్టించి పీచుతో తళతళలాడేలా తోమాడు. గుప్పుమని మందు వాసన కొట్టే కుళాయి నీళ్ళు నిండా పట్టి చేపల్ని మళ్ళీ అందులో వేశాడు.

"ఏవండీ, ఊరగాయ జాడీని కూడా నేనింతలా తోమను," అంది సుభాషిణి.

"నువ్వూరుకో. వచ్చేది త్రిపురారి."

గోటేటి త్రిపురారి ఆ శాఖలో మత్స్య తనిఖీ అధికారి. క్వార్టర్స్‌లో మూడో వీధిలోనే ఉంటాడు, ఒంటరి మనిషి. ఉత్తర్వులు రాసీ రాసీ ఆయన నోటికి మామూలు మాట రావడం మానేసింది. కూరగాయల బండివాడితో కూడా 'బెండకాయల ధరను పునఃపరిశీలించగలవు' అనే రకం.

ఆయన వచ్చాడు, తొట్టిని మూడు వైపుల నుంచి చూశాడు, నాలుగోవైపు గోడ ఉండబట్టి ఆగాడు. కాఫీ తాగాడు. "తొట్టి యందలి పారిశుధ్యము మిక్కిలి సంతృప్తికరము," అని సెలవిచ్చి వెళ్ళాడు. ఉమాపతి పొంగిపోయాడు. మర్నాడు పొద్దున కాజా వెల్లకిలా తేలింది.

చేప పోతే ఊరుకోకూడదు, విచారణ జరగాలి. విచారణకి త్రిపురారి రావాలి. త్రిపురారి వస్తున్నాడంటే తొట్టి కడగాలి. ఉమాపతి మళ్ళీ పీచు పట్టుకున్నాడు.

ఈసారి త్రిపురారి సోఫాలో బైఠాయించి, సుభాషిణిని ఎదురుగా కూర్చోబెట్టాడు.

"శ్రీమతి సుభాషిణి గారూ, మృత మత్స్యముతో తమకు పూర్వ వైరములేవైనను కలవా?"

"పొద్దున్నా సాయంత్రం దానికి తిండి పెట్టానండీ, వైరం ఏంటి?"

"నమోదు చేయుచున్నాను. తమ దంపతుల సంభాషణ చేపలకు వినబడునంతటి ధ్వనితో సాగునా?"

"ఇదివరకు అసలు సాగేది కాదండీ. ఇప్పుడిప్పుడే సాగుతోంది."

"అటులనా! ఆ సంభాషణయందు తగవు పొడసూపినదా?"

సుభాషిణి నిజాయితీ గల మనిషి. ఆలోచించింది. "పెసరట్టులో అల్లం ఎక్కువైందని ఈయనోసారి అన్నారండీ. ఎక్కువేం కాలేదని నేనన్నాను."

త్రిపురారి కలం ఆగింది. కళ్ళలో ఒక వెలుగొచ్చింది. "అల్లము," అన్నాడు, దొంగ దొరికినట్టు.

నివేదిక వచ్చింది. మృతికి కారణం, అల్లం సంబంధిత గృహ కలహం. ఆ ఇంట తదుపరి ఉత్తర్వుల వరకు అల్లం వాడరాదు. దంపతులు తొట్టి సమక్షమున మృదువుగా మాత్రమే మాట్లాడుకొనవలెను. మృత దేహాన్ని పరీక్ష నిమిత్తం శీతల స్థితిలో భద్రపరచవలెను.

"శీతల స్థితంటే?" అంది సుభాషిణి.

"ఫ్రిజ్జు."

"మన ఇంట్లో ఫ్రిజ్జులోనా! పెసరపిండి పక్కనా! మీ అమ్మగారు పైనుంచి చూస్తే ఏమనుకుంటారండీ?"

"శ్శ్. మృదువుగా," అన్నాడు ఉమాపతి, తొట్టి వైపు చూపిస్తూ. అప్పటికే గవ్వ కూడా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

*

అక్కణ్ణించి ఆ ఇల్లు ఇల్లులా లేదు. చేపల ముందు నోరు జారితే ఎక్కడ నమోదవుతుందోనని భయం. "సుభాషిణీ, ఉప్పు తక్కువైనను రుచి అమోఘము," అనేవాడు ఉమాపతి. "తమ దయ," అనేదావిడ పళ్ళు కొరుకుతూ. అల్లం లేని పెసరట్టు తిని ఇద్దరూ చెరో గదిలోకి పోయేవారు. అయినా విచారణ మీద విచారణ వచ్చింది, ప్రతి విచారణకీ ముందురోజు ఉమాపతి తొట్టి కడిగాడు. జున్ను పోయింది.

ఇక రీజినల్ ఆఫీసరే స్వయంగా బయల్దేరాడు. ఆయన త్రిపురారి కంటే రెండు మెట్లు పైవాడు, కాబట్టి ముస్తాబు కూడా రెండు మెట్లు పెరగాలి. ఉమాపతి గులకరాళ్ళని ఒక్కొక్కటే తీసి ఒకదానికి తెల్ల రంగు, ఒకదానికి ఎర్ర రంగు వేశాడు, కలెక్టరుగారి దారిలో రాళ్ళకి వేసినట్టు. నీళ్ళలో మంచి వాసన కోసం రెండు చుక్కలు ఫినాయిల్ కూడా పోశాడు. పోస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. 'అధికారి ముక్కు ఎలాంటిదో ఏమో' అనుకుని పోసేశాడు.

రీజినల్ ఆఫీసరు రాళ్ళని చూసి ముచ్చటపడ్డాడు. "చేపలు ఎందుకు పోతున్నాయంటే, తనిఖీలు చాలకపోవడం వల్ల. నెలకోసారి ఏం మూలకి? వారం వారం పెట్టండి," అన్నాడు. "ఈ తొట్టి ముఖం తూర్పుకి తిప్పండి. దృష్టి తగలకుండా గుమ్మడికాయ కట్టండి." తొట్టికి గుమ్మడికాయ కట్టారు. ఆ సాయంత్రం పూతరేకు పోయింది.

మిగిలింది తాండ్ర ఒక్కటే. అది ఈదడం మానేసి ఒక మూల నీళ్ళు మింగుతూ నిలబడింది. ఎవరొచ్చినా గాజు దగ్గరికి రావడం లేదు.

సుభాషిణి పీట తీసి వంటింట్లో పెట్టేసింది. "ఇంక నేను దీన్ని చూడలేనండీ," అంది. ఏడవలేదు, అరవలేదు. మృదువుగానే అంది. ఉమాపతికి అదే గుండెల్లో కలుక్కుమంది. శిబిరానికి పంపితే పంపారు, కొండల్లో ఓ మూల పడుంటాడు. కానీ ఆ పీట వంటింట్లోంచి మళ్ళీ బయటికి రాకపోతే? ఈ ఇంట్లో మాటలు మళ్ళీ గ్యాస్ బండ దగ్గరే ఆగిపోతే? తాండ్ర పోతే పోయేది చేప ఒక్కటే కాదని అతనికి బాగా తెలిసింది.

వారం వారం తనిఖీలో మొదటిది సోమవారం. ఆదివారం నాడు కడగాలి. ఇది మళ్ళీ ఒకసారి తోమితే బతకదని అతనికి లోపల్లోపల అనుమానం. ఎందుకో మాత్రం చెప్పలేడు.

ఇంతలో తుఫాను పట్టింది.

*

సముద్రం రంకెలేసింది, కరెంటు పోయింది, కుళాయి ఆగిపోయింది. జిల్లాలో ఉన్న ప్రతి అధికారినీ పునరావాస కేంద్రాలకి తరిమారు. త్రిపురారి ఒక ఊరికి, ఉమాపతి ఒక ఊరికి. పులిహోర పొట్లాలు పంచుతూ, దుప్పట్లు లెక్కచూస్తూ కూడా ఉమాపతి మనసు ఇంట్లో తొట్టి చుట్టూ తిరిగింది. ఫోన్లు పనిచెయ్యడం లేదు. పోయే ఉంటుంది, వెల్లకిలా తేలే ఉంటుంది అనుకున్నాడు. సుభాషిణి మొహం ఎలా చూడాలా అని భయపడుతూ రెండు వారాలకి ఇంటికొచ్చాడు.

తలుపు తీసేసరికి తొట్టి ముందు పీట ఉంది. పీట మీద సుభాషిణి ఉంది. తొట్టి నిండా ఆకుపచ్చ రంగు. గాజుకి లోపలివైపు పాచి, రాళ్ళ మీద నాచు. రంగంతా ఊడి రాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. 

"అయ్యయ్యో, ఏంటిది సుభా! ఎవరన్నా చూస్తే ఏమన్నా ఉందా!"

"అదిగో, మొదలెట్టారు. ముందు చూడండి."

పచ్చటి నీళ్ళలోంచి తాండ్ర దూసుకొచ్చి గాజుకి మూతి ఆనించి నోరు తెరిచింది. బొద్దుగా ఉంది. తోక జాడిస్తోంది.

"ఏం చేశావు దీన్ని?"

"ఏమీ చెయ్యలేదు. ఆ ఫినాయిల్ కంపు భరించలేక, మీరటు వెళ్ళగానే ఆ నీళ్ళు సగం సగంగా తీసేసి వాన నీళ్ళు పోశాను. ఆ తరవాత కడగలేదు, తోమలేదు. తనిఖీకి ఎవరూ రాలేదు కదా, అందుకని అది బతికింది."

ఉమాపతి కుర్చీలో కూలబడ్డాడు. కాజా, గవ్వ, జున్ను, పూతరేకు వరసగా కళ్ళ ముందు తిరిగాయి. ప్రతిసారీ అదే వరస: తనిఖీ, కడగడం, చావు. ఆ నీళ్ళలో మందు, ఆ బ్లీచింగు, ఆ ఫినాయిలు. నాచులో బతకాల్సిన ప్రాణులకి ఆ నాచు లేకుండా గీకి పారేశాడు. జిల్లాలో ఎన్ని విచారణలు చేశాడు, ఎంతమంది దోషుల్ని పట్టాడు! ఇక్కడ దోషి పీచు చేత్తో పట్టుకుని, పట్టపగలు, భార్య చూస్తుండగా పనిచేస్తుంటే పట్టలేకపోయాడు.

"సుభా, వాటిని చంపింది నేనే," అన్నాడు.

"మరే," అందావిడ. ఓదార్చే అలవాటు ఆవిడకి లేదు.

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఉమాపతి ఒక నిజం రాసి పైకి పంపాడు. "తనిఖీ నిమిత్తము చేయు శుభ్రతయే చేపల మృతికి కారణము. తనిఖీలు ఆపినచో చేపలు బతుకును." ఆ కాగితం వెళ్ళినంత వేగంగా వెనక్కొచ్చింది. "అనుమతించిన కారణములు నాలుగు: ఆహారము, వ్యాధి, దృష్టిదోషము, గృహ కలహము. తాము పేర్కొన్న కారణము ఇందు లేదు. ఇతరములు అను గడి కలదు గాని దానిని నింపరాదు. ఈ నివేదిక తమ అశాంతికి నిదర్శనముగా భావింపబడుచున్నది. డైరెక్టరు గారు స్వయముగా వచ్చి తమ తొట్టిని పరిశీలించెదరు."

డైరెక్టరు నందగిరి మార్తాండరావు అంటే శాఖకి శిఖరం. ఆయన కారు వస్తుందంటే మామిడి చెట్ల కొమ్మలకి కూడా జాజు పూసేవారు.

ఉమాపతి రెండు రోజులు మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. కడిగితే తాండ్ర పోతుంది. కడక్కపోతే తను పోతాడు, కొండలకి. మూడోరోజు పొద్దున కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే సిమెంటు తొట్టి దగ్గర నిలబడిపోయాడు. తుఫాను వాన నిండి, నాచు పట్టి, అది పచ్చగా ఉంది.

"సుభా! జగన్నాథపురం తీర్థంలో, జాతర కొట్లలో పిల్లలకి ప్లాస్టిక్ చేపలు అమ్ముతారు, చూశావూ?"

సుభాషిణి ఆయన మొహంలోకి చూసి నవ్వు ఆపుకుంది. "ఇప్పుడు మీ విద్య ఒక మంచి పనికొచ్చిందండీ," అంది.

*

డైరెక్టరు వచ్చేసరికి హాల్లో తొట్టి పెళ్ళికూతురిలా ఉంది. గాజు తళతళ, రాళ్ళు ఎరుపూ తెలుపూ, నీళ్ళు స్ఫటికం. బుడగల యంత్రం పైకి తోస్తుంటే మధ్యలో ఒక నారింజ రంగు ప్లాస్టిక్ చేప ఎంతో హుందాగా, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతోంది. తాండ్ర పెరట్లో సిమెంటు తొట్టిలో, పైన ఒక పాత గోనెపట్టా కింద ఉంది.

త్రిపురారి వంగి చూసి, "తొందర ఏ మాత్రమును లేదు. ఈ జిల్లా యందు ఇంతటి ప్రశాంత మత్స్యమును నేను చూచియుండలేదు," అన్నాడు. అంటూ ఉమాపతి కళ్ళలోకి చూడకుండా జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

మార్తాండరావు తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ చేప తోక మీద దాన్ని చేసిన కంపెనీ ముద్ర ఉందని ఉమాపతికి అప్పుడే గుర్తొచ్చింది.

"భేష్," అన్నాడు డైరెక్టరు చివరికి. "ఇదీ ఆదర్శ మత్స్యం." అందరూ ఊపిరి వదిలారు. "చేతులు కడుక్కోవాలయ్యా. పెరట్లో కుళాయి ఉందా?"

"లోపల వాష్‌బేసిన్ ఉందండీ! కొత్త సబ్బు పెట్టాం!"

"పెరట్లోనే కడుక్కుంటాను," అని ఆయన విసవిసా నడిచాడు. ఉమాపతి వెనకాలే పరిగెత్తాడు. 'అయిపోయింది ఉమాపతీ, సర్దుకో' అనుకున్నాడు.

డైరెక్టరు కుళాయి వైపు చూడనేలేదు. తిన్నగా సిమెంటు తొట్టి దగ్గరికి పోయి గోనెపట్టా ఎత్తాడు. తాండ్ర పైకొచ్చి, ఆయన హోదా ఏమీ పట్టించుకోకుండా నోరు తెరిచింది.

"క్షమించాలండీ," అన్నాడు ఉమాపతి. "నన్ను ఎక్కడికైనా పంపండి. దాన్ని మాత్రం కడగమనకండి."

మార్తాండరావు అటూ ఇటూ చూశాడు. పక్కింటి గోడ వైపు కూడా చూశాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"మాది సంపులో ఉంది," అన్నాడు.

"అయ్యా?"

"మా చేపయ్యా. మా ఆవిడ దాన్ని కడగనివ్వదు." ఆయన మొహంలో డైరెక్టరు ఎక్కడా లేడు. "అది సరేగానీ, ఆ ప్లాస్టిక్‌ది ఎక్కడ కొన్నావు? మాదానికి కన్ను ఊడిపోయింది."

"తీర్థంలోనండీ. ఇంకోటుంది, ఇవ్వమంటారా?"

"కాగితంలో చుట్టివ్వు," అన్నాడాయన. ఒక్క నిమిషం ఉమాపతికి ఆశ పుట్టింది. శిఖరమే ఇంతలా కరిగితే ఈ తనిఖీలు ఆగిపోవూ? "మరి, ఈ తనిఖీలండీ..." అని నసిగాడు.

"ఏమయ్యా, ఆ పథకం నా పేరు మీదే ఉంది. నేనెలా ఆపుతాను?" అన్నాడు మార్తాండరావు. హాల్లోకి రాగానే గొంతు సవరించుకుని చెప్పాడు: "తనిఖీల ఫలితము అద్భుతము! కనుక తనిఖీలను రెట్టింపు చేయవలెను. ఆదర్శ అధికారి ఉమాపతి ఇకమీదట జిల్లా యందలి ప్రతి తొట్టిని తనిఖీ చేయును. తనిఖీ అధికారుల తొట్లను సైతము!"

త్రిపురారి మొహం పాలిపోయింది.

*

ఆ విధంగా మన ఉమాపతికి జీపొచ్చింది. ఇంటింటికీ వెళ్ళాడు. ప్రతి ఇంట్లో గాజు తళతళ, రాళ్ళు ఎరుపూ తెలుపూ, మధ్యలో హుందాగా తిరిగే ప్లాస్టిక్ చేప. ప్రతి ఇంట్లోనూ అతను భేష్ అని రాసి, "చేతులు కడుక్కోవాలండీ, పెరట్లో కుళాయి ఉందా?" అని అడిగాడు. ఇంటివాళ్ళు మొదట బిక్కచచ్చిపోయేవారు. తరవాత అతని కళ్ళలోకి చూసి దారి చూపించేవారు. ఒకరింట్లో పాత బాత్‌టబ్బు, ఒకరింట్లో గంగాళం, ఒకరింట్లో వాడని రుబ్బురోలు. అందులో ఒక చిన్న నీటిమడుగు, ఒక చిన్న ఎర్రటి ప్రాణం. ఒక కొత్త ఆఫీసరు ఇంట్లో మాత్రం తొట్టిలో నిజం చేపే ఉంది, ఒక మూల నిలబడి నీళ్ళు మింగుతోంది. ఆ కుర్రాడి చేతిలో పీచు. ఉమాపతి ఆ పీచు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "బాబూ, ఈ ఊళ్ళో తీర్థం ఎప్పుడో తెలుసా?" అని చెవిలో చెప్పాల్సింది చెప్పాడు.

చివరికి మూడో వీధిలో త్రిపురారి ఇల్లు మిగిలింది.

"తమరు దయచేయుడు. తొట్టి ఇచ్చట కలదు," అన్నాడు త్రిపురారి, నిటారుగా నిలబడి. తొట్టి అద్దంలా ఉంది, ప్లాస్టిక్ చేప తిరుగుతోంది. ఉమాపతికి ఒక్క క్షణం పాత కసి గుర్తొచ్చింది. అల్లం లేని పెసరట్టు గుర్తొచ్చింది. 'త్రిపురారి గారూ, గృహ కలహములేవైనను కలవా' అని అడిగెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఇంట్లో కలహానికి రెండో మనిషే లేడని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"చేతులు కడుక్కోవాలండీ."

"పెరటి కుళాయి మరమ్మతులో ఉన్నది. పెరటి తలుపు కూడా మరమ్మతులో ఉన్నది. పెరడే మరమ్మతులో ఉన్నది," అన్నాడు త్రిపురారి, గడియకి అడ్డంగా నిలబడి.

"త్రిపురారి గారూ, మాది సిమెంటు తొట్టిలో ఉందండీ," అన్నాడు ఉమాపతి.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. పెరట్లో నూతి చప్టా పక్కన ఇత్తడి గంగాళం. అందులో నాచు మధ్య ఒక తెల్లటి చేప. పక్కనే ఒక కుర్చీ. ఒకటే కుర్చీ.

"సదరు మత్స్యము..." అని మొదలెట్టాడు త్రిపురారి. ఆగిపోయాడు. మళ్ళీ మొదలెట్టబోయాడు, రాలేదు. "మా అమ్మ పేరు పెట్టుకున్నానండీ. వరాలు. సాయంత్రం రాగానే దీంతోనే మాట్లాడతాను. మామూలుగానే మాట్లాడతానండీ. రాసేస్తారా?"

ఉమాపతి గంగాళంలో చెయ్యి పెట్టకుండా, కుళాయి కింద చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు. కుళాయి నిక్షేపంగా పనిచేస్తోంది. "రాశానండీ," అన్నాడు. "పెరడు మరమ్మతులో ఉన్నది, చూడలేకపోయితిని అని రాశాను. ఆదివారం మా ఇంటికి రండి. పెసరట్లేస్తాం. అల్లం దండిగా పడుతుంది, మీకు అభ్యంతరం లేకపోతే."

త్రిపురారి తలూపాడు.

ఉమాపతి ఇంటికొచ్చేసరికి సుభాషిణి పెరట్లో సిమెంటు తొట్టి దగ్గర పీట వేసుకుని, పక్కన ఓ కుర్చీ కూడా పట్టుకొచ్చి పెట్టింది. తాండ్ర మూతి పైకెత్తి చూస్తోంది. రోజూ అడిగినట్టే ఆవిడ అడిగింది.

"ఇవాళ ఎవరింటికెళ్ళారు? దాని పేరేంటి?"

"త్రిపురారి ఇంటికి. దాని పేరు వరాలు."

"అబ్బ, ఎంత బాగుంది. ఆయన పెట్టాడా?"

"వాళ్ళమ్మ పేరుట."

సుభాషిణి చెయ్యి నీళ్ళలో ముంచి తాండ్రకి వేలు చూపించింది.

"ఆయన్ని ముందే అడగాల్సిందండీ మనం," అంది.

"అవును," అన్నాడు ఉమాపతి, చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంటూ. "రేపు మనింటికి తనిఖీ. హాల్లో ప్లాస్టిక్ దాన్ని కడగాలి, గుర్తుచెయ్యి."